ఇంట్లో జీపు ఇంజన్ దించడానికి క్రేన్ కొనాలా, చైన్ కప్పీ సరిపోతుందా? తక్కువ ఖర్చులో ఏ పనిముట్లు?

తెనాలి_జీపు

బండి మహీంద్రా ఎంఎం 540, ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్. ఆయిల్ బాగా తాగుతోంది, బ్రీదర్ పైపులోంచి పొగ తన్నుతోంది. ఇంజన్ దించి బ్లాకు, క్రాంకు లేత్ షాపుకి పంపాలి. విప్పడం, బిగించడం ఇంటి దగ్గరే చేసుకోవాలని ఉంది.

పోర్టికో 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. శ్లాబు ఎత్తు 10 అడుగులు. కింద పార్కింగ్ టైల్స్. గేటు వైపుకి కొంచెం వాలు ఉంది. మొత్తం బడ్జెట్ 35,000. ఇప్పటికి నా దగ్గర ఒక డబుల్ ఎండ్ పానాల సెట్టు, కట్టింగ్ ప్లేయరు, బండితో వచ్చిన జాకీ ఉన్నాయి, అంతే.

నా ప్రశ్నలు: మడత పెట్టే హైడ్రాలిక్ ఇంజన్ క్రేన్‌లో 1 టన్ను తీసుకోవాలా, 2 టన్నులా? లేక శ్లాబుకి హుక్కు వేసి చైన్ కప్పీ తగిలిస్తే పోతుందా? క్రేన్‌కి పోగా మిగిలిన డబ్బుతో ముందు ఏవి కొనాలి?

---

పానా_నంబర్13

ముందు శ్లాబు సంగతి. ఆ ఆలోచన మానేయండి. ఇళ్ల శ్లాబులకి లెక్క వేసే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు, అది కూడా అంతా పరుచుకుని ఉండే బరువు. మీరు వేలాడదీసేది ఒకే చోట 300 కిలోలు, పైగా పైకీ కిందికీ కుదుపుతో. ఫ్యాను హుక్కు ఉంది కదా అనుకోకండి, అది ఫ్యాను కోసం వేసిన సన్న ఊచ. తర్వాత డ్రిల్ చేసి వేసే యాంకర్ బోల్టు అయితే ఇంకా ఘోరం, నేరుగా కిందికి లాగే బరువుకి కాంక్రీటు పెళ్లలా ఊడి వస్తుంది.

ఇక క్రేన్. పెట్టె మీద రాసిన టన్నులు చూసి మోసపోకండి. 2 టన్నుల క్రేన్ అంటే బూమ్ (బరువు వేలాడే పై చేయి) పూర్తిగా లోపలికి నెట్టి ఉన్నప్పుడు 2 టన్నులు. బూమ్ మీద నాలుగు రంధ్రాలు ఉంటాయి, పక్కన రాసి ఉంటుంది: 2, 1.5, 1, 0.5. బూమ్ బయటికి లాగేకొద్దీ మోసే బరువు పడిపోతుంది. జీపులో ఇంజన్ ముందు చక్రాల ఇరుసు వెనక దాకా ఉంటుంది, పైగా ముందు బంపరు అడ్డం. అందుకని ఆఖరి రంధ్రం, లేదా దాని ముందుది తప్ప హుక్కు ఇంజన్ మధ్యకి అందదు. అంటే మీకు నిజంగా దక్కేది అర టన్ను.

ఇదే 1 టన్ను క్రేన్‌లో చూస్తే ఆఖరి రంధ్రం దగ్గర పావు టన్నుకు దిగేవి కూడా ఉన్నాయి. మీ ఇంజన్ ఇనప బ్లాకు. గేర్ బాక్సుతో కలిపి తీస్తారో విడిగా తీస్తారో గానీ 300 కిలోలు అనుకునే లెక్క వేసుకోండి. కాబట్టి 1 టన్ను క్రేన్ మీకు పనికిరాదు. మారుతీ 800 లాంటి చిన్న ఇంజనైతే అదే ఎక్కువ.

కొనే ముందు కొట్లోనే చూసుకోవాల్సినవి:

బూమ్, నిలువు స్తంభం పైపుల మందం వెర్నియర్‌తో (మందం కొలిచే స్కేలు) కొలవండి. ఒకే '2 టన్నులు' స్టిక్కరు ఉన్న రెండు క్రేన్లలో ఒకటి చేతికి బరువుగా, ఇంకోటి తేలిగ్గా ఉంటే తేలికదాన్ని వదిలేయండి. స్తంభం బేస్‌కి కలిసే చోట వెల్డింగు చుట్టూ పూర్తిగా ఉండాలి, నాలుగు చుక్కలు పెట్టి రంగేసినట్టు కాదు. పిన్నులు, బోల్టుల తల మీద 8.8 అని (గట్టి ఉక్కు బోల్టు గుర్తు) ఉండాలి. ఏమీ రాయని బోల్టు ఉంటే బేరం ఆడే బదులు మీరే 8.8 బోల్టులు కొని మార్చుకోండి, పెద్ద ఖర్చేం కాదు. హుక్కుకి నాలుక ఉండాలి, స్ప్రింగుతో మూసుకోవాలి.

ఆఖరున కాళ్ల ఎత్తు. చక్రాలతో కలిపి కాళ్ల ఎత్తు ఎంతో కొలుచుకుని ఇంటికొచ్చి బండి కింద చూడండి. జీపు ఎత్తైన బండే గానీ కాళ్లకి అడ్డు తగిలేది ఇరుసు గొట్టం కాదు, దాని కింద వేలాడే స్ప్రింగు యూ బోల్టుల ప్లేట్లు, ఇంకా ఒక పక్కకి ఉన్న డిఫరెన్షియల్ కుండ. కాళ్లు ఈ మూడింటి మధ్య సందుల్లో దూరాలి. దూరకపోతే బండి ముందు భాగం స్టాండ్ల మీద లేపాలి. అలా లేపితే ఇంజన్ కూడా లేస్తుంది, అప్పుడు క్రేన్ ఇంకా పైకి అందుకోవాలి. ఈ లెక్క కొనకముందే కాగితం మీద వేసుకోండి.

---

దూలం_కప్పీ

పైన పానా గారు చెప్పింది అంతా సరే. కానీ 35,000లో మంచి 2 టన్నుల క్రేన్ కొంటే సగానికి పైగా అదే తినేస్తుంది. ఒక్క ఇంజన్ కోసం, ఆ తర్వాత పోర్టికోలో మూల నిలబెట్టి దాని మీద తువ్వాళ్లు ఆరేసుకోవడం కోసం కొంటున్నట్టు. నా ఓటు గ్యాంట్రీ ప్లస్ 1 టన్ను చైన్ కప్పీకి.

గ్యాంట్రీ అంటే రెండు పక్కలా 'ఏ' ఆకారపు కాళ్లు, పైన అడ్డంగా ఒక దూలం. ఊళ్లో ఏ వెల్డింగ్ షాపు వాడైనా ఒకటి రెండు రోజుల్లో చేసిస్తాడు. కొలతలు ఇవి:

దూలం ఐఎస్‌ఎంబీ 125 (125 మి.మీ. ఎత్తున్న 'ఐ' ఆకారపు ఇనప దూలం), పొడవు 2.4 మీటర్లు. మధ్యలో 500 కిలోలు వేలాడదీసినా ఈ దూలంలో పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 420 కిలోల లోపే. మామూలు ఇనుము 1,600 దాకా భరిస్తుందని లెక్క కడతారు. కాబట్టి భయం లేదు. 'సన్న చానల్ ఒకటి వేద్దాం సార్, చాలు' అంటాడు, ఒప్పుకోకండి. ఒంటి చానల్ బరువు పడ్డప్పుడు వంగడమే కాదు, పక్కకి మెలి తిరుగుతుంది.

కాళ్లు 50 ఎన్‌బీ పైపు (లోపలి వెడల్పు సుమారు 50 మి.మీ.), బి క్లాసు. బి క్లాసు పైపు మీద నీలం గీత ఉంటుంది, గోడ మందం 3.6 మి.మీ. పసుపు గీత ఉంటే ఎ క్లాసు, పల్చన. ఎర్ర గీత సి క్లాసు, మీకు అంత అక్కర్లేదు. రంగు తుడిచేసి అమ్మేవాళ్లున్నారు, వెర్నియర్ తీసుకెళ్లండి.

ఎత్తు ఎలా తేల్చాలంటే: ఇంజన్ అడుగు దాటాల్సిన అడ్డు, అంటే ముందు క్రాస్ మెంబరు (ఛాసిస్ అడ్డ దూలం), నేల నుంచి 600 మి.మీ. అనుకోండి. ఇంజన్ నిలువు కొలత సంపుతో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) సహా 800. స్లింగు (ఇంజన్‌ని హుక్కుకి తగిలించే గొలుసు లేదా పట్టీ) 300. కప్పీ పై హుక్కు నుంచి కింది హుక్కు దాకా పూర్తిగా ఎత్తినప్పుడు మిగిలే దూరం 350 దాకా. మొత్తం 2,050. పైన ఓ 200 వదులు. దూలం అడుగు 2.25 మీటర్ల దగ్గర ఉండాలి. మీ శ్లాబు 10 అడుగులు కాబట్టి హాయిగా పడుతుంది. ఇవి నేను ఉజ్జాయింపుగా వేసిన అంకెలు, మీ బండి మీద టేపు పెట్టి మార్చుకోండి.

'ఏ' కాళ్ల మధ్య నేల మీద దూరం కనీసం 1.2 మీటర్లు. దూలం కాలికి కలిసే మూలల్లో 45 డిగ్రీల కోణంలో అడ్డ బద్దీలు తప్పనిసరి. ఇవి లేకపోతే నిలువుగా ఎంత మోసినా పక్కకి తోస్తే పేకముక్కల మేడే. గొలుసు లాగేటప్పుడు మనం తోసేది పక్కకే కదా.

కప్పీ కొనేటప్పుడు ఐఎస్ 3832 గుర్తు, కెపాసిటీ రాసిన ప్లేటు, టెస్టు సర్టిఫికెట్ అడగండి. ఇండెఫ్ లాంటి పేరున్న కంపెనీలవి ఉన్నాయి. పాతవి ఆటోనగర్‌లో, రాణీగంజ్‌లో దొరుకుతాయి గానీ పాత కప్పీ కొంటే హుక్కు నోరు తెరుచుకుందేమో, గొలుసు లింకులు ఒకదానికొకటి రాసుకునే చోట అరిగాయేమో చూడాలి. హుక్కు నోరు విచ్చుకుంటే అది ఎప్పుడో ఒకసారి మోయకూడని బరువు మోసిందని అర్థం. బాగు చేయించడం ఉండదు, వదిలేయడమే.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. కప్పీ తిరగట్లేదని మొత్తం ఆయిల్ పోసేస్తారు. కప్పీ లోపల బ్రేకు ఉంటుంది. బరువు ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేది ఆ రాపిడి పట్టీల వల్లే. వాటికి ఆయిల్ తగిలితే బరువు జారుతుంది. ఆయిల్ బరువు మోసే గొలుసుకి మాత్రమే, అది కూడా గుడ్డతో పల్చగా.

చేయించాక నేరుగా ఇంజన్ తగిలించకండి. 50 కిలోల సిమెంటు బస్తాలు 8 తెప్పించి పలకమీద కట్టి, నేల నుంచి నాలుగంగుళాలు లేపి పావుగంట ఆగండి. 400 కిలోలు. వెల్డింగుల దగ్గర రంగు పగిలిందేమో, కప్పీ జారిందేమో సుద్దముక్కతో గీత పెట్టి చూడండి. జారకపోతే సరే. బస్తాలు తడి తగలకుండా తిరిగి ఇచ్చేయొచ్చు.

---

తెనాలి_జీపు

ధన్యవాదాలు పానా గారూ, దూలం గారూ. రెండు సందేహాలు. గ్యాంట్రీకి చక్రాలు పెట్టించాలా? ఇక్కడ బోరు మోటార్లు పైకి లాగే వాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు, కప్పీ అద్దెకి దొరుకుతాయి. వాటితో అవదా?

---

దూలం_కప్పీ

మూడు కాళ్ల స్టాండు బోరు గుంత మీద భేషుగ్గా ఉంటుంది, ఎందుకంటే అక్కడ లాగేది నిట్టనిలువుగా, చుట్టూ ఖాళీ. జీపు మీద పెడితే మూడో కాలు బానెట్ దగ్గరో రేడియేటర్ ముందో పడుతుంది. ఇంజన్ లేపాక బండిని వెనక్కి తోస్తే ఆ కాలే అడ్డం. కాళ్లు విడిపోకుండా కింద గొలుసుతో కట్టాలి, ఆ గొలుసు కూడా దారికి అడ్డం. రెండు కాళ్లు వెడల్పు చేసి ఒకటి ముందుకి పెట్టి చేసేవాళ్లున్నారు, అది స్టాండు ఒక పక్కకి ఒరిగే పద్ధతి. వద్దు. కప్పీ ఒక్కటీ మాత్రం వాళ్ల దగ్గర అద్దెకి తీసుకోండి, మంచి ఆలోచన. దూలం మీదే, కప్పీ అద్దెది. ఖర్చు ఇంకా తగ్గుతుంది. అద్దె కప్పీకి సుద్ద గీత పరీక్ష రెండుసార్లు చేయండి.

చక్రాలు వద్దు. గ్యాంట్రీలో కీలకం ఏంటంటే ఇంజన్ కదలదు, బండి కదులుతుంది. ఇంజన్ గాల్లో ఉండగా గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు బండిని మెల్లగా వెనక్కి తోయాలి. మీ పోర్టికో వాలు గేటు వైపుకి కాబట్టి బండి మూతి ఇంటి గోడ వైపు పెట్టుకోండి, వెనక చక్రాల వెనక చెక్క ముక్కలు అడ్డం పెట్టి ఒక్కొక్క అడుగు వదులుతూ పోండి. ఒకరు హ్యాండ్ బ్రేకు దగ్గర ఉండాలి. బండి వెళ్లిపోయాక ఇంజన్ నిలువుగా కిందికి దించుకోవడమే.

వాలు ఉన్న నేల మీద చక్రాల క్రేన్ ఇంకా ప్రమాదం. బూమ్ చివర బరువు పెట్టి తోసేటప్పుడు దానంతటదే పల్లానికి పోతుంది, దాన్ని ఆపే బ్రేకు అందులో ఉండదు.

---

పానా_నంబర్13

దూలం గారితో వాదించను. వాలు ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు, ఆ నేల మీద గ్యాంట్రీయే నయం. అయినా క్రేనే కొంటాననే వాళ్లు చదువుతుంటారు కాబట్టి: ఇంజన్ దానికి వేలాడుతుండగా తోయాల్సి వస్తే ముందు సంపు నేలకి అర అడుగు ఎత్తు దాకా దించేసి, అప్పుడు తోయండి. తోసేది బేస్ దగ్గర, బూమ్ పట్టుకుని కాదు. చిన్న ఇనప చక్రాలు టైల్స్ గ్యాపులో ఇరుక్కుంటాయి, ఇరుక్కోగానే ఇంజన్ ముందుకి ఊగుతుంది. కింద 18 మి.మీ. ప్లైవుడ్ పరవాలి.

ఇప్పుడు ఇంజన్‌కి ఎక్కడ తగిలించాలి అన్నది. ఇంజన్‌కి కంపెనీ ఇచ్చిన కొక్కేలు ఉంటే అవే. లేకపోతే హెడ్డు మీద ఎదురెదురు మూలల్లో ఉన్న ఎం10 (10 మి.మీ. బోల్టు) రంధ్రాల్లో 8.8 బోల్టులు. ఇనుములోకి బోల్టు కనీసం 15 మి.మీ. దిగాలి. గొలుసు లింకుకి, హెడ్డుకి మధ్య సందు ఉండకూడదు. బోల్టు తల కింద మందపాటి వాషరు వేసి లింకుని హెడ్డుకి అంటుకునేలా బిగించండి. సందు ఉంటే బోల్టు కోతకి కాదు, వంపుకి పోతుంది. గాల్లో ఉండగా విరిగేవి అవే.

గేటుకి వేసే గొలుసు, హార్డ్‌వేర్ కొట్లో మీటరు లెక్కన అమ్మే తెల్ల గొలుసు వాడొద్దు. ఎత్తడానికి గ్రేడ్ 80 గొలుసు ఉంటుంది, లింకుల మీద అక్కడక్కడా 8 అనో 80 అనో ముద్ర కనిపిస్తుంది. 6 మి.మీ. చాలు, 1.12 టన్నులు మోస్తుంది. గుడ్డ స్లింగు అయితే రంగు చూసి తీసుకోండి: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2 టన్నులు, పసుపు 3 టన్నులు. కానీ గుడ్డ స్లింగు మ్యానిఫోల్డ్ పదునంచు మీదుగా పోతే కత్తితో కోసినట్టే. అలాంటి చోట పాత సైకిల్ టైరు ముక్క కింద పెట్టాలి.

రెండు కాళ్ల స్లింగులో కోణం ముఖ్యం. 300 కిలోల ఇంజన్‌ని పొడుగు స్లింగుతో, రెండు కాళ్ల మధ్య 60 డిగ్రీలు వచ్చేలా కడితే ఒక్కో కాలి మీద 173 కిలోలు. 90 డిగ్రీలు చేస్తే 212. ఎత్తు చాలట్లేదని స్లింగు కురచ చేసి 120కి పోతే ఒక్కో కాలు 300 మోస్తుంది, పైగా రెండు బోల్టుల్నీ లోపలికి గుంజుతుంది. అందుకే దూలం గారు స్లింగుకి 300 మి.మీ. అన్నదాన్ని కుదిరితే 400 చేసుకోండి, దూలం ఆ మేరకు పైకి జరపండి.

---

అంగుళం_మిల్లీమీటర్

పనిముట్ల సంగతి నేను చెప్తా. అన్నా, మీ బండిలో ఒక తిరకాసు ఉంది. ఇంజన్ ప్యూజో (ఫ్రెంచి కార్ల కంపెనీ) సంతతి, కాబట్టి దాని మీద మిల్లీమీటరు బోల్టులు. 4.90 అంటేనే నాలుగు సిలిండర్లు, 90 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). బాడీ, ఛాసిస్, ఇరుసులు మాత్రం పాత విల్లీస్ (అమెరికా జీపు) సంతతి, అక్కడ చాలా చోట్ల అంగుళాల బోల్టులు. మీ డబుల్ ఎండ్ పానాల సెట్టు మిల్లీమీటర్లదైతే సగం బండికి సరిపోదు.

ఏది దేనితో నడుస్తుందో గుర్తు పెట్టుకోండి. 5/8 అంగుళం అంటే 15.88, 16 పానా పనిచేస్తుంది. 3/4 అంటే 19.05, 19 బిగుతుగా పడుతుంది. 1/2 అంటే 12.7, 13 వేస్తే కొంచెం వదులు, తుప్పు పట్టిన బోల్టు మీద వేయకూడదు. అసలు చిక్కు 9/16తో. అది 14.29. 14 పట్టదు, 15 జారి తల గుండ్రం చేస్తుంది. జీపులో తల గుండ్రమైపోయిన బోల్టు కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు అది 9/16 అయి ఉంటుంది. 7/16, 1/2, 9/16, 5/8, 3/4 ఈ ఐదు సైజుల రింగ్ పానాలు విడిగా కొనండి. పెద్ద సెట్టు అక్కర్లేదు.

బోల్టులు కూడా కలపొద్దు. 5/16 సన్న మర బోల్టు 7.94 మి.మీ. లావు. ఎం8 రంధ్రంలో రెండు మరలు చేత్తోనే ఎక్కుతుంది, మూడో దానికి పట్టేస్తుంది. 'బిగుసుకుంది కాబోలు' అని పానా వేసి తిప్పితే రంధ్రం పోయింది. మర గేజి ఒకటి కొనండి, చవకే. విప్పిన ప్రతి బోల్టూ ఎక్కడిదో అట్టముక్క మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చేయండి.

కొనే వరుస:

ముందు ట్రాలీ జాకీ, స్టాండ్లు. ఇవి కొనాలని పైన ఎవరూ చెప్పలేదు. 2 టన్నుల ట్రాలీ జాకీ, 3 టన్నుల స్టాండ్లు ఒక జత. బండితో వచ్చిన జాకీ మీద నిలబెట్టి కింద దూరొద్దు. సిమెంటు బోలు ఇటుకలు అసలు వద్దు, అవి వంగవు, చెప్పకుండా ఒక్కసారి నుజ్జవుతాయి. స్టాండు పెట్టాక కూడా ఛాసిస్ కింద స్టెప్నీ చక్రం పడుకోబెట్టి ఉంచండి.

తర్వాత 1/2 అంగుళం డ్రైవ్ సాకెట్ సెట్టు, 10 నుంచి 32 మి.మీ. దాకా. ఆరు మూలలది తీసుకోండి, పన్నెండు మూలలది వద్దు. కొత్త బోల్టుకి ఏదైనా ఒకటే, తుప్పు బోల్టుకి పన్నెండు మూలలది తల చెక్కేస్తుంది. టపారియా లాంటి మన కంపెనీలవి చాలు. దాంతో పాటు 24 అంగుళాల బ్రేకర్ బార్. రాచెట్‌కి పైపు వేసి లాగడం మన దగ్గర మామూలే, కానీ లోపల పళ్లు చిన్నవి, పైపు వేస్తే పోతాయి. పైపు వేయాలనిపించే ప్రతి బోల్టుకీ బ్రేకర్ బార్ వాడండి, రాచెట్ వదులు చేశాక తిప్పడానికి మాత్రమే.

టార్క్ రించి: హెడ్డు, బేరింగ్ క్యాపులు బిగించడానికి తప్పదు. 40 నుంచి 210 న్యూటన్ మీటర్లది చాలు. కింద నుంచి మొదటి ఐదో వంతు రీడింగ్ నమ్మొద్దు, చిన్న బోల్టులకి అది పనికిరాదు. దాంతో విప్పకూడదు, బిగించడానికే. పని అయ్యాక అతి తక్కువ గీత దాకా తిప్పి పెట్టెలో పెట్టాలి, లేకపోతే స్ప్రింగు అలసిపోతుంది. పాత మాన్యువల్‌లో టార్క్ కిలోగ్రామ్-మీటర్లలో ఉంటే 9.81తో, అడుగు పౌండ్లలో ఉంటే 1.356తో గుణించండి.

కొలతల్లో ఫీలర్ గేజి, 150 మి.మీ. వెర్నియర్ చాలు. మైక్రోమీటరు, బోరు గేజి కొనొద్దు. బోరు ఎంత అరిగిందో, క్రాంకు ఎంత గ్రైండింగ్ చేయాలో ఎలాగూ లేత్ షాపు వాళ్లే కొలుస్తారు. కాకపోతే మీ ఎదురుగా కొలవమనండి, అంకెలు రాయించుకోండి. కొత్త పిస్టన్లు వచ్చాకే బోరింగ్ చేయించండి, ముందు కాదు. పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి గానీ బోరు చేసి పిస్టన్ వెతుక్కోకూడదు.

ఇంకొకటి. ఇంజన్ దించే ముందు కంప్రెషన్ చూసుకున్నారా? పెట్రోలు బండి గేజి డీజిల్‌కి పెడితే గేజి పోతుంది, చదరపు సెంటీమీటరుకి 70 కిలోల దాకా చూపించే డీజిల్ గేజి, హీటర్ ప్లగ్ రంధ్రంలో పట్టే అడాప్టరు కావాలి. కొనక్కర్లేదు, డీజిల్ పంపు సర్వీసు చేసే వాళ్ల దగ్గర ఉంటుంది. నాలుగు సిలిండర్లలో ఒక్కటే తక్కువ చూపిస్తే హెడ్డు తీసి వాల్వులు చూడటంతోనే పని అయిపోవచ్చు. బ్రీదర్ పొగ చూస్తే పిస్టన్ రింగులే అనిపిస్తోంది గానీ ముందు కొలవండి.

---

డాలస్_గరాజ్

అంగుళాల సాకెట్ల మాట వచ్చింది కాబట్టి. అమెరికా నుంచి చుట్టాలెవరైనా వస్తుంటే వాళ్లతో తెప్పించుకోదగ్గది అదొక్కటే. ఇక్కడ అంగుళాల సెట్లు ప్రతి కొట్లోనూ చవగ్గా దొరుకుతాయి, హార్బర్ ఫ్రైట్ లాంటి చోట్ల ఇంకా చవక. 3/8 డ్రైవ్ సెట్టు బరువు కూడా ఉండదు. సూట్‌కేసుకి 23 కిలోలే కాబట్టి స్టాండ్లు, టార్క్ రించీలు మోయించకండి. పనిముట్లన్నీ చెక్ ఇన్ సామానులోనే వేయమనండి, క్యాబిన్‌లో తీసేసుకుంటారు.

కరెంటు పనిముట్లు వద్దు. ఇక్కడివి 120 వోల్టులవి, మన 230కి తగిలిస్తే మోటారు క్షణంలో కాలిపోతుంది. బ్యాటరీ ఇంపాక్ట్ రించి ఆశపడితే రెండు చిక్కులు: ఛార్జరు 120ది కావచ్చు, చూసుకోవాలి. విడి బ్యాటరీ చెక్ ఇన్‌లో వేయకూడదు, క్యాబిన్‌లోనే, అదీ 100 వాట్ అవర్ల లోపుది. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 వస్తుంది, సరిపోతుంది. 6ది 108, ఎయిర్‌లైన్ అనుమతి అడగాలి.

---

హైడ్రాలిక్_సీలు

ఎవరైనా క్రేన్ కొంటే, కొన్న రోజే ఎదురయ్యేది ఒకటుంది. పంపు కొడుతుంటే రామ్ (బూమ్‌ని పైకి నెట్టే హైడ్రాలిక్ కడ్డీ) సగం దాకా లేచి ఆగిపోతుంది, లేదా స్పాంజిలా ఊగుతుంది. క్రేన్ చెడిపోయిందని తిరిగి ఇచ్చేస్తారు. అది లోపల గాలి. బరువు తగిలించకుండా రిలీజ్ వాల్వు తెరిచి 10, 15 సార్లు పంపు కొట్టండి, రామ్ పూర్తిగా దిగేలా నొక్కండి, రబ్బరు బిరడా తీసి గాలి వదిలి ఆయిల్ మట్టం చూడండి, మళ్లీ మూసి కొట్టండి. రెండు మూడు సార్లకి కుదురుతుంది. ఆయిల్ తగ్గితే జాకీ ఆయిల్ పోయాలి. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పోతాయి.

బరువుతో నిలబెట్టినప్పుడు మెల్లగా దిగుతుంటే రిలీజ్ వాల్వు సీటులో చెత్త ఉండొచ్చు, పైన చెప్పినట్టే చేస్తే ఒక్కోసారి కడుక్కుపోతుంది. అప్పటికీ దిగితే సీలే. ట్రాలీ జాకీకీ ఇదే. దించేటప్పుడు వాల్వు పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, ముందు వెంట్రుకవాసి తిప్పి ఆగండి. రాత్రంతా క్రేన్‌కి ఇంజన్ వేలాడదీసి ఉంచడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

---

తెనాలి_జీపు

గ్యాంట్రీకే నిర్ణయించుకున్నా. కప్పీ అద్దెకి. గేర్ బాక్సు బండిలోనే ఉంచి ఇంజన్ ఒక్కటే తీస్తే మంచిదా? దించాక దేని మీద పెట్టాలి, ఇంజన్ స్టాండు కొనాలా?

---

పానా_నంబర్13

ఇంజన్ ఒక్కటే తీయండి, బరువు తగ్గుతుంది. బ్యాటరీ ఎర్త్ ముందు విప్పి, కూలెంటు వదిలి, బానెట్, గ్రిల్లు, రేడియేటర్ తీసేస్తే ముందు నుంచి దారి తెరుచుకుంటుంది. గ్రిల్లు తీసేటప్పుడు హెడ్‌లైట్ వైర్లు గుర్తు పెట్టుకోండి. డీజిల్ పైపుల నోళ్లకి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు వేయండి, పంపులోకి ఇసుక రేణువు పోయినా ఖర్చే. సైలెన్సర్ ఫ్లాంజి నట్లకి ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. సెల్ఫ్ మోటారు, క్లచ్ లింకు, యాక్సిలరేటర్, స్టాప్ కేబుల్, ఆయిల్ ప్రెషర్ వైరు. చివర్లో బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య క్లచ్‌ని కప్పి ఉండే గుల్ల) బోల్టులు.

ఆ బోల్టులు విప్పకముందే గేర్ బాక్సు కింద ట్రాలీ జాకీ, మధ్యలో చెక్కముక్క పెట్టండి. ఇంజన్ బరువు కప్పీ మీదికి కొంచెం తీసుకున్నాక ఫౌండేషన్ బోల్టులు (ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచేవి) తీసి, ఇంజన్, గేర్ బాక్సు రెండూ ఒకే గీతలో ఉండేలా చూసి, బండిని వెనక్కి ఓ నాలుగంగుళాలు నేరుగా తోయాలి. గేరు షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా ఒక్క అంగుళం కూడా పైకి లేపొద్దు. తొందరపడి లేపితే ఇంజన్ బరువంతా ఆ షాఫ్టు చివర మీద పడి క్లచ్ ప్లేటు హబ్ వంగుతుంది, ఆ షాఫ్టు కొసని పట్టి ఉంచే పైలట్ బేరింగ్ పోతుంది. బిగించాక గేరు పడట్లేదని తల పట్టుకునేది అప్పుడే. రావట్లేదంటే ఏదో బోల్టు మిగిలింది. ఎక్కువసార్లు మిగిలేది ఇంజన్‌కి ఛాసిస్‌కి మధ్య ఉన్న ఎర్త్ పట్టీ, లేదా బెల్ హౌసింగ్ పైన చేయి పట్టని చోట ఉన్న బోల్టు.

స్టాండు కొనొద్దు. చవక స్టాండ్లు మూడు చక్రాలవి, ఇనప డీజిల్ ఇంజన్ తిప్పేటప్పుడు ఒరుగుతాయి. పైగా స్టాండు బెల్ హౌసింగ్ మొహానికే బిగుస్తుంది కాబట్టి ఫ్లైవీల్, వెనక ఆయిల్ సీలు పని అక్కడ చేయలేరు. గ్యాంట్రీ చేసే వెల్డింగ్ షాపులోనే 40 x 40 x 5 యాంగిల్‌తో ఒక చట్రం చేయించండి, ఇంజన్ ఫౌండేషన్ బ్రాకెట్లు రెండూ దాని మీద కూర్చునేలా, సంపు గాల్లో ఉండేలా. బ్రాకెట్ల రంధ్రాల మధ్య దూరం ఇంజన్ బండిలో ఉండగానే కొలిచి ఇవ్వండి. వెనక వైపు బ్లాకు కింద మూడో ఆసరా ఒకటి పెట్టమనండి, లేకపోతే ఫ్లైవీల్ బరువుకి వెనక్కి వాలుతుంది. అది వచ్చేదాకా పాత లారీ టైరు మీద దించండి, కానీ బరువు సంపు రేకు మీద కాకుండా బ్లాకు అంచుల మీద పడేలా చెక్కలు సర్దండి.

---

దూలం_కప్పీ

టైల్స్ సంగతి మిగిలింది. గ్యాంట్రీ నాలుగు కాళ్ల కింద 150 x 150 మి.మీ., 8 మి.మీ. మందం ప్లేట్లు వెల్డింగ్ చేయించి, వాటి కింద 18 మి.మీ. ప్లైవుడ్ అడుగు చదరం ముక్కలు వేయండి. పార్కింగ్ టైల్ కింద ఇసుక బోలుగా ఉంటే తట్టి చూస్తే డబడబమని మోగుతుంది, అలాంటి టైల్ మీద కాలు పడకుండా జరుపుకోండి. వాలు వల్ల రెండు కాళ్లు పొట్టి అవుతాయి. చెక్కలు దూర్చి సరిపెట్టకుండా, దూలం మీద నీటి మట్టం పెట్టి చూసి, ఆ రెండు కాళ్లకీ ప్లేటు కింద ఇనప పలకలు ఎన్ని కావాలో అన్ని వేయించండి. మట్టం తేడా ఉంటే కప్పీ హుక్కు దూలం మీద పల్లానికి జారుతుంది. హుక్కు తగిలించే చోట దూలానికి రెండు పక్కలా చిన్న అడ్డు ముక్కలు వెల్డింగ్ పెట్టమనండి.